తొమ్మిదిమంది ముందు అన్న మాట

గుణదలలో కొండవైపు వెళ్ళే మెట్ల సందులో మూడో ఇల్లు ఆమోసుది. వానాకాలం పోతూ పోతూ మూడు రోజులు మబ్బు పట్టించిందే, ఆ వారం నుంచీ ఆ ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు ఒకే కుండలో అన్నం తింటూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఒకడు ఆమోసు. రెండోవాడు ఆమోసు భార్య దానమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, అంతోని.

"తమ్ముడూ, మజ్జిగ గిన్నె మీ బావ దగ్గరుంది, అడిగి పోసుకో" అని దానమ్మ అంటే, అంతోని గోడవైపు తిరిగేవాడు.

"గోడగారూ, నాకు మజ్జిగ వద్దండి. అబద్ధాలకోరు చెయ్యి పడితే విరిగిపోద్దంట."

ఆమోసు తల ఎత్తేవాడు కాదు. ముద్ద నోటిదాకా వెళ్ళి మళ్ళీ కంచంలోకి దిగేది. దానమ్మ ఇద్దరి మధ్యా గరిటె పట్టుకుని నిలబడి, మొగుడి మీద కోపం తెచ్చుకోవాలో తమ్ముడి మీద తెచ్చుకోవాలో తెలియక, పిల్లి మీద అరిచేది.

ఈ పగ ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ముందు ఆమోసు ఎలాంటివాడో తెలియాలి.

తండ్రి ఏలూరు కాలవ లాకుల దగ్గర పనిచేసేవాడు. ఆమోసు పదో తరగతి ఒకసారి తప్పాడు, రెండోసారి పరీక్షకి వెళ్ళకుండా టీవీలు బాగుచేసే షాపులో చేరాడు. పెట్టెల టీవీలు ఉన్నన్నాళ్ళూ అతని చేతికి తిరుగులేదు. ఒక్కసారే పరువు పోయింది. ఒకే పేరున్న ఇద్దరి టీవీలు తారుమారు చేశాడు. కలర్ టీవీ ఇచ్చి బ్లాక్ అండ్ వైట్ ఇంటికి తీసుకెళ్ళినాయన మర్నాడొచ్చి షాపు ముందు అడ్డంగా పడుకున్నాడు. ఏలూరు రోడ్డు మీద జనం పోగయ్యారు. ఆ రోజు నుంచి ఆమోసు ఒక నియమం పెట్టుకున్నాడు: ఏ వస్తువు మీదైనా మనిషి పేరు ఇంటిపేరు దగ్గర మొదలుపెట్టి చివరిదాకా, ఒక్క ముక్క మింగకుండా రాయాలి. ముందు ఇంటిపేరు, తరవాత అసలు పేరు, అప్పటికీ తేడా తెలియకపోతే చిట్టచివర పెద్ద అనో చిన్న అనో. మన వైపు పేర్లు అలాగే కదా ఉంటాయి. అందరికీ ఉమ్మడిగా ఉండేది ముందుంటుంది, ఆ మనిషికి మాత్రమే ఉండేది చివరికి పోతుంది.

టీవీ పలచబడి గోడకెక్కాక బాగుచేసేవాడితో పని లేకపోయింది. ఆమోసు ఆటోనగర్‌లో హుమాయూన్ లేతు షాపు పక్కన ఒక గది తీసుకుని, కొత్త విద్యకి చెయ్యి చాపాడు. గోరంత చిప్పు కొనుక్కొచ్చి, ఏం చెయ్యాలో దానికి కంప్యూటర్‌లో రాసి ఎక్కించడం. ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని తెలియని మాట కింద గీత గీసుకునేవాడు. సాయంత్రం హుమాయూన్ కూతురు జుబియా కాలేజీ నుంచి రాగానే అడిగేవాడు. ఆ పిల్ల ఇంజనీరింగు పాసై ఉద్యోగంలో చేరింది కూడా, ఆమోసు ఇంకా గీతలు గీస్తూనే ఉన్నాడు. కానీ నేర్చాడు. వీధిదీపాలకి పెట్టెలు చేశాడు, బోరు మోటార్లకి చేశాడు. ఆ తరవాతే చెరువుల పెట్టె వచ్చింది, ఆమోసు పేరు బంటుమిల్లి దాకా వెళ్ళింది.

చెరువుల పెట్టె అంటే పెద్ద విచిత్రమేమీ కాదు. నీళ్ళలో ఒక సెన్సర్ వేలాడుతుంది. నీళ్ళలో ప్రాణవాయువు ఎంతుందో చెబుతుంది. మనం పెట్టిన అంకె కంటే తగ్గితే పెట్టె ఆ చెరువు దీపం వెలిగించి, సైరన్ కూసి, నీళ్ళని చిలికే చక్రాలన్నిటినీ తిప్పుతుంది. అంతే. కానీ ఆ 'అంతే' మీదే చెరువులో ప్రాణాలన్నీ నిలబడి ఉంటాయి.

బంటుమిల్లి అవతల మేడికొండూరి వెంకట రామకోటేశ్వరరావులు ఇద్దరున్నారు. అన్నదమ్ముల పిల్లలు. ఇద్దరికీ తాతగారి పేరే పెట్టారు. ఊళ్ళో వాళ్ళు పెద్ద రామకోటేశ్వరరావు, చిన్న రామకోటేశ్వరరావు అంటారు. పక్కపక్కనే రెండు చెరువులు, మధ్యలో ఒక షెడ్డు, షెడ్డులో రెంటికీ కలిపి ఒక ఆమోసు పెట్టె, చెరువుకో సెన్సర్. నాలుగేళ్ళుగా రెండు చెరువుల్లోనూ చేపలే. ఈ ఏడాది చిన్నాయన చేపలు తీసేసి రొయ్య వేశాడు. రొయ్య సుకుమారం. సెన్సర్ నడుంలోతులో వేలాడుతుంది, రొయ్య అడుగున పాకుతుంది. పైన నాలుగున్నర ఉంటేనే అడుగున దానికి ఊపిరి. చేపకి మూడున్నా సరిపోతుంది. అందుకని ఆమోసు చిన్నాయన అంకె మార్చి, నాలుగున్నర అని రాసి, పెట్టెకి మళ్ళీ ఎక్కించాడు. చెరువు కాపలాకి మనిషి కావాలంటే అంతోనిని కుదిర్చాడు కూడా.

"మా బావమరిదండి. నిద్ర తక్కువ, నోరెక్కువ. కాపలాకి రెండూ మంచివేగదండీ" అని తనే పూచీ పడ్డాడు.

ఎండ లేకపోతే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. మబ్బు పట్టిన మూడో రోజు తెల్లారేసరికి రొయ్యలు ఒడ్డుకొచ్చి తేలాయి. అంతోని పరుగెత్తి చేత్తో స్విచ్ వేశాడు. అప్పటికే సగం చెరువు పోయింది.

ఆమోసుకి కబురొచ్చి, గన్నవరం మీదుగా బండి మీద వెళ్ళేసరికి గట్టు మీద జనం. చిన్న రామకోటేశ్వరరావు తలకి తువాలు చుట్టుకుని మట్టిలో కూర్చున్నాడు.

"ఏం ఆమోసూ, నీ పెట్టె నోరు పడిపోయిందా?"

ఆమోసు పెట్టె విప్పి దాని జ్ఞాపకం తీశాడు. ఎప్పుడు కూసిందీ, ఎప్పుడు చక్రాలు తిప్పిందీ అందులో రాసుకుంటుంది. ఆ మూడు రోజుల్లో పెట్టె చిన్నాయన చెరువుకి ఒక్కసారి కూడా కూయలేదు. అయిదూ పదికి మాత్రం మనిషి చేత్తో స్విచ్ వేసినట్టుంది.

అక్కడ ఆమోసు నోరు జారాడు. కాలు జారితే తీసుకోవచ్చు.

"సెన్సర్ నీళ్ళలో ఉంటే నా పెట్టె కూయక మానదండి. గాలిలోకి తీస్తే దానికి అంతా బాగున్నట్టే ఉంటది. ఎవరో పైకి తీశారు" అన్నాడు.

కాపలావాళ్ళు కొందరు సైరన్ గోల భరించలేక సెన్సర్ పైకి లాగి గట్టు మీద పెట్టి నిద్రపోతారని ఆ చెరువుల మీద అందరికీ తెలుసు. 'ఎవరో' అన్నాడు గానీ, రాత్రుళ్ళు ఆ గట్టు మీద ఉన్నది ఒక్కడే. అందరి కళ్ళూ అంతోని మీదికి తిరిగాయి.

"బావా, నేను ముట్టుకోలేదు. మేరీమాత మీద ఒట్టు" అన్నాడు అంతోని.

"మాతని లాగకురా మధ్యలో. పెట్టె అబద్ధం చెప్పదు" అన్నాడు ఆమోసు.

ఆ పూటే అంతోనిని పంపేశారు. చుట్టుపక్కల చెరువుల్లో ఎక్కడా ఎవరూ పెట్టుకోలేదు. పేరు కూడా వచ్చేసింది, 'సెన్సర్ అంతోని' అని. ఎక్కడికెళ్తాడు? అక్కయ్య ఇంటికే వచ్చాడు. రెండు జతల బట్టలు, ఒక బ్యాటరీ లైటు, కడుపునిండా మంట.

పదకొండో రోజున దానమ్మ పిల్లిని వదిలి మొగుడి మీద పడింది.

"ఏవండీ, వాడు చిన్నప్పుడు మామిడికాయ దొంగిలిస్తే టెంకతో సహా తెచ్చి ఒప్పుకున్నవాడండి. తప్పు చేస్తే వాడికి దాచడం రాదు. మీరు ఒక్కసారి మీ పెట్టెని మళ్ళీ చూస్తే ఏం పోతుంది?"

"చూశానే! ఎక్కించినరోజే చూశాను. కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచితే రెండు దీపాలూ వెలిగాయి. ఒకటి పెద్దాయనది, ఒకటి చిన్నాయనది."

"కాచినవెందుకు?"

"కాస్తే నీళ్ళలో ఉన్న ఊపిరంతా పోద్ది. చచ్చిన నీళ్ళన్నమాట."

దానమ్మ చంటిపిల్లలకి వేన్నీళ్ళలో చన్నీళ్ళు తొణిపిన మనిషి. మరీ వేడీ పనికిరాదు, మరీ చల్లదనం పనికిరాదు.

"చచ్చిన నీళ్ళకి ఎవరైనా ఏడుస్తారు. మరి చస్తున్న నీళ్ళలో ముంచి చూశారా?"

ఆమోసు కంచంలో చెయ్యి కడిగేసుకుని ఆటోనగర్ బయల్దేరాడు.

షాపులో అదే చిప్పు, అదే ప్రోగ్రాం ఉన్న ఇంకో పెట్టె ఉంది. కాచి చల్లార్చిన నీళ్ళలో కుళాయి నీళ్ళు కొద్దికొద్దిగా కలిపాడు. చేతి మీటరు పెట్టి చూశాడు. మూడుకి ఎక్కువ, నాలుగున్నరకి తక్కువ ఉండాలి. మూడూ ఎనిమిది దగ్గర ఆపాడు. రెండు సెన్సర్లూ ముంచాడు. పెద్దాయన దీపం వెలగకూడదు, వెలగలేదు. చిన్నాయన దీపం వెలగాలి.

వెలగలేదు.

వైరు లాగి మళ్ళీ పెట్టాడు. చిప్పు మార్చాడు. నీళ్ళు మార్చాడు. వెలగలేదు. పక్క షాపులో లేతు తిరుగుతోంది, ఇనుప రజను రాలుతోంది, ఆమోసుకి ఏమీ వినపడటం లేదు. గట్టు మీద అందరి ముందు తను అన్న మాట ఒక్కటే వినపడుతోంది. పెట్టె అబద్ధం చెప్పదు.

ప్రోగ్రాం తెరిచి వరస వరసా చదివాడు. మేడికొండూరి వెంకట రామకోటేశ్వరరావు పెద్ద, మూడు. మేడికొండూరి వెంకట రామకోటేశ్వరరావు చిన్న, నాలుగున్నర. కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాడు. ఎక్కడా తప్పు లేదు. తప్పు కనపడితే మనిషికి ధైర్యం వస్తుంది. కనపడని తప్పు అంత భయం ఇంకోటి లేదు.

మనం రాసింది చిప్పుకి నేరుగా అర్థం కాదు. దాన్ని చిప్పు భాషలోకి మార్చేదాన్ని కంపైలర్ అంటారు. పెళ్ళి వంటలో వంటవాడనుకోండి. వంటవాడి చేతికి వెళ్ళేముందు కూరలన్నీ ఒకామె తరిగి, చీటీ చూసి, పక్కన పెడుతుందే, అలాంటిదొకటి కంపైలర్‌లోనూ ఉంది. దాని పేరు ప్రీప్రాసెసర్. మనం పేరు రాసిన ప్రతిచోటా ఆ పేరుకి ఏ అంకె పెట్టామో అది తెచ్చి వేసి, వంటవాడికి అందిస్తుంది. వంటవాడికి పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. ఆమోసు ఇన్నేళ్ళూ తను రాసిన చీటీ చూశాడు, చివరికి వచ్చిన వంట చూశాడు. మధ్యలో ఆమె తరిగిపెట్టిన పళ్ళెం ఎన్నడూ చూడలేదు.

చూడటానికి దారి ఉందని పుస్తకంలో ఎప్పుడో గీత గీసుకున్నట్టు గుర్తు. వెతికి పట్టుకున్నాడు. తరిగినంతవరకే చేసి ఆగమని కంప్యూటర్‌కి చెప్పాడు. తెర మీదికి వచ్చింది.

పెద్దాయన చోట మూడు. చిన్నాయన చోట కూడా మూడు.

ఆమోసు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తను రాసింది నాలుగున్నర, అది చదివింది మూడు. ఒక్కొక్కటీ మార్చి చూశాడు. చిన్నాయన పేరు తీసేసి వట్టి 'చిన్న' అని రాస్తే నాలుగున్నర వచ్చింది. మళ్ళీ పూర్తి పేరు రాస్తే మూడే. అయితే పేరులోనే ఉంది. అప్పుడు రెండు పొడుగు పేర్లు తీసుకుని, వాటి మధ్య తేడాని ఒక్కో అక్షరం ముందుకి జరుపుతూ వచ్చాడు. తెల్లకాయితం మీద టిక్కులు పెట్టుకుంటూ మధ్యాహ్నం భోజనం మర్చిపోయాడు. మాటల మధ్య గీతలతో కలిపి ముప్ఫై ఒక్క ఇంగ్లీషు అక్షరాలు. తేడా ఆ ముప్ఫై ఒకటిలోపు ఉంటే దానికి తెలుస్తోంది. ముప్ఫై రెండో అక్షరం నుంచీ ఏం రాసినా దానికి లెక్కలేదు.

మేడికొండూరి వెంకట రామకోటేశ్వ. అక్కడికి ముప్ఫై ఒకటి అయిపోయాయి. ఆ తరిగే మనిషి అక్కడిదాకానే చదివి, "ఓ, ఈయనే కదా, ఈయనకి మూడు" అని వేసేస్తోంది. పెద్దో చిన్నో చివర ఉంది, అక్కడిదాకా అది పోలేదు. పోలేదని చెప్పనూ లేదు. ఒకే పేరు రెండుసార్లు వచ్చిందని ఒక్క కేక వేసినా ఆమోసు చూసుకునేవాడు. కేక లేదు. నాలుగేళ్ళూ రెండు చెరువులకీ ఒకటే అంకె కాబట్టి సరిపోయింది. ఈ ఏడే అంకెలు వేరయ్యాయి.

సాయంత్రం జుబియా తండ్రికి టిఫిను క్యారేజీ తెచ్చింది. ఆమోసు మొహం చూసి లోపలికొచ్చింది. అంతా చూసి, విని, గబగబా తన ల్యాప్‌టాప్‌లో ఇంకో కొత్త కంపైలర్‌తో అదే ప్రోగ్రాం నడిపింది. అందులో నాలుగున్నర సరిగ్గానే వచ్చింది.

"చాచా, మీరు రాసింది కరెక్టే! తప్పు మీ కంపైలర్‌ది. చిప్పులతో పాటు ఊరికే వచ్చిన పాత సరుకు. మీ తప్పేం లేదు, అలాగే చెప్పెయ్యండి."

ఆమోసుకి ఒక్క నిమిషం ఒళ్ళు తేలికైంది. పదకొండేళ్ళు నమ్మిన సరుకు మోసం చేసింది, తనేం చేస్తాడు? అందామనుకున్నాడు. అనబోయి ఆగాడు. మొన్న గట్టు మీదా ఇంతే. పెట్టె మంచిది, తప్పు వాడిది. ఇవాళ నేను మంచివాణ్ణి, తప్పు కంపైలర్‌ది. ఎదురు చెప్పుకోలేనిదాని మీద పెట్టేయడం ఎంత సుఖంగా ఉందో!

"దానికి చదవడం రాకపోవడం దాని తప్పమ్మా. వచ్చో రాదో చూడకుండా, చచ్చిన నీళ్ళలో ముంచి బాగుందనుకోవడం నాది" అన్నాడు. "ఇప్పుడు దీన్ని బాగుచెయ్యాలి."

బాగుచెయ్యడం ఎంతసేపు! పెద్ద, చిన్న అన్న మాటల్ని చివరినుంచి తీసి పేరుకి ముందు పెట్టాడు. పొడుగు పేరు ఎక్కడ కనపడినా కేక వేసి ఆగిపోయేలా జుబియా ఇంకో చిన్న ముక్క రాసి ఇచ్చింది. చస్తున్న నీళ్ళలో ముంచారు. చిన్నాయన దీపం వెలిగింది. ఆ దీపం చూసి సంతోషించాల్సింది పోయి ఆమోసు మొహం తిప్పుకున్నాడు.

మిగతా చెరువుల ప్రోగ్రాములన్నీ అప్పుడే తెరిచి చూశారు. ఇంకో రెండు షెడ్లలో ఇలాగే తండ్రీ కొడుకుల పేర్లు ముప్ఫై ఒకటి దాటి ఉన్నాయి. ఇద్దరికీ ఫోన్ చేసి, "పెట్టెని నమ్మకండి, నేనొచ్చేదాకా చక్రాలన్నీ చేత్తో వేసి ఉంచండి" అని చెప్పాడు. ఒకాయన తిట్టాడు. ఆమోసు చివరిదాకా విన్నాడు.

మర్నాడు పొద్దున్నే పెట్టె, రెండు స్టీలు క్యాన్లలో నీళ్ళు పట్టుకుని బంటుమిల్లి బస్సెక్కాడు. షెడ్డు ముందు బల్ల మీద పెట్టి, చిన్న రామకోటేశ్వరరావుకి పాత ప్రోగ్రాంతో ఒకసారి, కొత్తదాంతో ఒకసారి చూపించాడు.

"అంతోని సెన్సర్ ముట్టుకోలేదండి. నా పెట్టే కూయలేదు. ఆ రోజు నేనన్న మాట తప్పు."

చిన్నాయన ఆ దీపాన్ని వేలితో తట్టాడు.

"అంటే మా తాత పేరు పొడుగైపోయి నా రొయ్యలు చచ్చాయంటావు."

"పేరు పొడుగు కాదండి. నేను చూసుకోలేదు."

"నువ్వే ఇలా చెప్పుకుంటే రేపు నీ పెట్టె కొనేదెవడయ్యా? ఊరుకుంటే నీకేం పోయేది? అంతోని వెళ్ళనే వెళ్ళిపోయాడు."

"మా ఇంట్లోనే ఉన్నాడండి" అన్నాడు ఆమోసు.

చిన్నాయన తువాలు దులుపుకుని లేచాడు. "ఆ పెట్టె తీసుకుపో. నా చెరువు దగ్గర వద్దు. అంతోనిని మాత్రం రమ్మను" అని గట్టు దిగి వెళ్ళిపోయాడు. పెద్దాయన మాత్రం తన చెరువుకి పెట్టె ఉంచమన్నాడు, కానీ ఇంతకుముందులా కాఫీ తాగమనలేదు.

ఇంటికొచ్చేసరికి అంతోని అరుగు మీద కూర్చుని బ్యాటరీ లైటు విప్పి తుడుచుకుంటున్నాడు. దానమ్మ గుమ్మంలో నిలబడింది. ఆమోసు క్యాన్లు దించి, జరిగిందంతా చెప్పాడు. ముప్ఫై ఒక్క అక్షరాలూ, మూడూ, నాలుగున్నరా. చివరికి, "నీ మాట నేను నమ్మాల్సిందిరా" అన్నాడు.

అంతోని గోడవైపు చూడలేదు. పన్నెండు రోజుల తరవాత బావ మొహమే చూశాడు.

"ఎవరికి చెప్పావు?"

"చిన్నాయనకి చెప్పాను. పెద్దాయన కూడా ఉన్నాడు. ఇంకా మేత మోసేవాళ్ళిద్దరు."

"నలుగురు."

"ఆఁ, నలుగురు."

"ఆ రోజు నువ్వు నన్నన్నప్పుడు గట్టు మీద తొమ్మిదిమంది ఉన్నారు బావా. నేను లెక్కపెట్టుకున్నా. నాకు అంతకంటే వేరే పనేముంది అప్పుడు?"

దానమ్మ "ఒరేయ్, చాల్లే, అంత దూరం వెళ్ళి చెప్పొచ్చారు కదా" అనబోయింది. ఆమోసు చెయ్యి అడ్డం పెట్టాడు. జేబులోంచి కాయితం, పెన్ను తీసి అరుగు మీద కూర్చున్నాడు.

"చెప్పరా. ఎవరెవరు?"

అంతోని పేర్లు చెప్పాడు. ఆమోసు రాసుకున్నాడు. ఒకడు ఐసు బండివాడు, ఒకడు వల పట్టేవాడు, ఇద్దరు పక్క చెరువుల కాపలావాళ్ళు. నలుగురినీ రెండు రోజుల్లో వెతికి పట్టుకుని చెప్పాడు. ఒకడు నవ్వాడు, ఒకడు "నాకప్పుడే తెలుసు" అన్నాడు, తెలిసిన మొహం కాదు.

అయిదోవాడి పేరు అంతోనికి కూడా తెలియదు. మేత దింపడానికొచ్చిన లారీ డ్రైవరు. ఎర్ర తువాలు, ఎడమ చేతికి కడియం. ఆ లారీ ఎన్ని ఊళ్ళు తిరుగుతుందో, ఎన్ని చెరువుల దగ్గర ఆగి 'సెన్సర్ అంతోని' కథ చెప్పిందో!

అంతోని మళ్ళీ చిన్నాయన చెరువు మీదే ఉన్నాడు. బావతో మాట్లాడుతున్నాడు, మరీ ఎక్కువగా కాదు. ఆమోసు పెట్టెలు ఇప్పుడు అంతగా అడిగేవాళ్ళు లేరు. చేసిన ప్రతి పెట్టెనీ చచ్చిన, చస్తున్న, బతికున్న మూడు రకాల నీళ్ళలో ముంచి గానీ ఇవ్వడు. కానీ చెరువుల వైపు వెళ్ళినప్పుడల్లా, మేత లారీ ఎదురైతే చాలు, బండి పక్కకి తీసి చెయ్యెత్తి ఆపుతాడు. తలుపు దగ్గరికెళ్ళి ముందు డ్రైవరు ఎడమ చెయ్యి చూస్తాడు. ఇంకా దొరకలేదు.